రెండో బిడ్డ వచ్చేటప్పుడు: గర్భం తెలిసిన రోజు నుంచి చంటిది పాకే దాకా

రెండో కాన్పు దగ్గరపడుతుంటే చాలామంది పైన పెట్టిన పిల్లల మంచం దించుతారు, పాత చిన్న బట్టలు ఉతికి ఆరేస్తారు, ఇక సిద్ధమే అనుకుంటారు. లెక్క తప్పేది అక్కడ కాదు. పుట్టిన బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. సారికి అరగంట చొప్పున పదిసార్లు వేసుకున్నా ఐదు గంటలు. ఆ ఐదు గంటలూ అమ్మ ఒక్కచోట కూర్చోవాలి, రెండు చేతులూ ఖాళీ ఉండవు. సరిగ్గా అప్పుడే పెద్దబిడ్డకి దాహం వేస్తుంది, పాస్ వస్తుంది, బొమ్మ మంచం కిందికి దొర్లిపోతుంది. మొదటి బిడ్డప్పుడు ఈ చిక్కు లేదు కాబట్టి పాత అనుభవం ఇక్కడ అక్కరకు రాదు. కింద చెప్పినవన్నీ ఆ ఐదు గంటల కోసం, ఆ రెండు చేతుల కోసం చేసుకునే ఏర్పాట్లే.

మొదటి మూడు నెలలు: డాక్టరుకి చెప్పాల్సినవి

మొదటి కాన్పు కాగితాలు ముందే వెతికి పెట్టుకోండి. నెలలు నిండకుండా పుట్టిందా, గర్భంలో చక్కెర పెరిగిందా, బీపీ పెరిగిందా, కాన్పయ్యాక రక్తస్రావం ఎక్కువైందా, బిడ్డకి కామెర్లకి లైటు కింద పెట్టాల్సి వచ్చిందా, సిజేరియన్ అయితే ఎందుకు చేశారు. ఈ ప్రశ్నల జవాబులను బట్టే రెండో గర్భంలో చూసే తీరు మారుతుంది. వీటిలో చాలావరకు మళ్లీ వచ్చే అవకాశం ఉన్నవే.

తల్లి రక్తం నెగటివ్ గ్రూపు అయితే రెండో గర్భంలో మరింత జాగ్రత్త కావాలి. మొదటి కాన్పులో పాజిటివ్ బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలో కలిసి ఉంటే, తల్లి ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై ఉండొచ్చు. అవి ఈసారి కడుపులో ఉన్న బిడ్డ ఎర్రకణాల మీద దాడి చేస్తాయి. అందుకే మొదట్లోనే యాంటీబాడీ పరీక్ష చేస్తారు. అవి లేవని తేలితే, ఇకమీద తయారవకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ సుమారు 28వ వారంలో ఇస్తారు. బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు మళ్లీ ఇస్తారు. మధ్యలో గర్భస్రావం ఏదైనా జరిగి ఉంటే అది కూడా దాచకుండా చెప్పాలి.

ఎవరూ పెద్దగా చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. చిన్నపిల్లల ఉమ్మిలో, మూత్రంలో సైటోమెగలో వైరస్ తరచు ఉంటుంది. పిల్లకి ఏ లక్షణమూ కనబడదు. గర్భంలో తల్లికి అంటుకుంటే మాత్రం కడుపులోని బిడ్డ వినికిడికి, మెదడు ఎదుగుదలకి దెబ్బ తగలొచ్చు. పరిష్కారం చాలా మామూలుది: పెద్దబిడ్డ ఎంగిలి తినకండి, దాని చెంచాతో, గ్లాసుతో మీరు తాగకండి, మూతి మీద కాకుండా నుదుటి మీద ముద్దు పెట్టండి, డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి. మిగిలిన అన్నం పారేయడం ఎందుకని తల్లులు ఎంగిలి తినేస్తుంటారు. ఈ తొమ్మిది నెలలూ అది ఇంకొకరికి వదిలేయండి.

పెద్దబిడ్డ ఇంకా పాలు తాగుతుంటే, గర్భం మామూలుగా సాగుతున్నంతవరకూ మాన్పించి తీరాలని లేదు. నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన చరిత్ర, రక్తస్రావం, కవలలు ఉంటే డాక్టరు మాట వినండి. నాలుగైదు నెలలకి పాలు తగ్గి రుచి మారుతుంది. కొందరు పిల్లలు దాంతో వాళ్లే మానేస్తారు.

పెద్దబిడ్డకి ఎప్పుడు చెప్పాలి

ఐదారేళ్లు దాటిన పిల్లలైతే తొలి మూడు నెలలు గడిచాక చెప్పొచ్చు. అంతకుముందే వాంతులతో, నీరసంతో మీరు పడుకుని ఉండడం చూసి కంగారు పడుతుంటే ఇంకా ముందే చెప్పేయడం మేలు. అమ్మకి ఏదో రోగం వచ్చిందని లోలోపల భయపడడం కంటే అది నయం. ఒక్క షరతు: పెద్దబిడ్డకి తెలిసిందంటే ఊరందరికీ తెలిసినట్టే. బంధువులకి చెప్పాలనుకున్న రోజునే ఇంట్లో కూడా చెప్పండి.

మూడేళ్లలోపు పిల్లకి "ఆరు నెలల తర్వాత" అంటే ఏమీ అర్థం కాదు. పొట్ట కనబడేదాకా ఆగి, దానికి తెలిసిన గుర్తుతో ముడిపెట్టండి: ఎండలు పోయి వానలు వచ్చాక, నీ పుట్టినరోజు అయ్యాక. పదినెలల పిల్లకి మాటలతో చెప్పేది లేదు, ఏర్పాట్లు మార్చడమే చెప్పడం.

"నీతో ఆడుకోవడానికి తమ్ముడు వస్తున్నాడు" అన్న మాట మాత్రం వద్దు. వచ్చేది ఆడదు. ఏడుస్తుంది, పాలు తాగుతుంది, నిద్రపోతుంది, అమ్మ ఒడి వదలదు. బంతి పట్టుకుని ఎదురుచూసిన పిల్లకి అది మోసంలా అనిపిస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "మొదట్లో దానికి కూర్చోవడం కూడా రాదు. బాగా ఏడుస్తుంది. నువ్వూ అలాగే ఉండేదానివి." తర్వాత పెద్దబిడ్డ చంటితనం ఫొటోలు తీసి చూపించండి. పాలు తాగుతున్నవి, స్నానం చేస్తున్నవి, గుక్కపట్టి ఏడుస్తున్నవి ఏరండి. తనకి ఇదివరకే జరిగినదే ఇప్పుడు ఇంకొకరికి జరగబోతోందని పిల్లకి అర్థమయ్యేది ఆ ఫొటోలతోనే.

తమ్ముడు కావాలా, చెల్లి కావాలా అని అడగకండి. జవాబు మన చేతిలో లేని ప్రశ్న అది.

నాలుగో నెల నుంచి: పెద్ద మార్పులు ముందే అయిపోవాలి

ఒక సూత్రం పెట్టుకోండి. కాన్పుకి ముందు రెండు నెలలు, తర్వాత మూడు నెలలు పెద్దబిడ్డ జీవితంలో కొత్త మార్పు ఏదీ పెట్టకూడదు. మంచం మార్చడం, పాస్ చెప్పడం అలవాటు చేయడం, బడిలో చేర్చడం, పాలసీసా మాన్పించడం, ఇల్లు మారడం, ఏదైనా సరే. ఆ గడువుకి ముందే పూర్తవ్వాలి, లేదా తర్వాతకి వాయిదా పడాలి. పాస్ చెప్పడం సగం నేర్చుకున్న పిల్ల కాన్పయిన వారంలో మళ్లీ పక్క తడుపుతుంది. మంచం కాన్పు వారంలో లాక్కుంటే "దానికోసం నాది తీసేశారు" అన్న లెక్క దాని మనసులో పడిపోతుంది. పెద్దబిడ్డ ఇంకా పిల్లల మంచంలోనే హాయిగా పడుకుంటుంటే కదిలించకండి, చంటిబిడ్డకి మొదటి నెలలకి చిన్న తొట్టి మంచం చాలు.

ఈ నెలల్లో చేయాల్సిన అన్నిటికంటే ముఖ్యమైన పని, పెద్దబిడ్డ రోజును అమ్మ చేతుల్లోంచి కొంచెం కొంచెంగా బయటికి తేవడం. నిద్రపుచ్చేది అమ్మే, స్నానం చేయించేది అమ్మే, రాత్రి లేస్తే నీళ్లిచ్చేది అమ్మే అయిన ఇంట్లో, అమ్మ ఆసుపత్రికి వెళ్లిన మొదటి రాత్రే అంతా కూలుతుంది. సుమారు 24వ వారం నుంచి నాన్నో, అమ్మమ్మో, రాబోయే రోజుల్లో నిజంగా ఇంట్లో ఉండే మనిషెవరో ఒక్కో పని తీసుకోవాలి. ముందు స్నానం. రెండు వారాల తర్వాత రాత్రి అన్నం. ఆ తర్వాత నిద్రపుచ్చడం. చివర అర్ధరాత్రి లేచే బాధ్యత. నిద్ర దగ్గర మొదటి నాలుగైదు రోజులు పేచీ తప్పదు. ఆ పేచీకి కరిగిపోయి అమ్మ గదిలోకి వచ్చేసిందంటే, ఎంతసేపు ఏడిస్తే అమ్మ వస్తుందో పిల్ల నేర్చుకుంటుంది. ఆ అరగంట అమ్మ ఇంట్లోనే లేకుండా బయటికి వెళ్లడం మంచిది.

రెండోది, ఎత్తుకోవడం. రెండేళ్ల పిల్ల సుమారు 11 నుంచి 13 కిలోలుంటుంది. సిజేరియన్ అయితే దాదాపు ఆరు వారాలు చంటిబిడ్డ కంటే బరువైనది ఎత్తొద్దంటారు. కాబట్టి పెద్దబిడ్డ తానే ఎక్కి దిగేలా ఇప్పుడే నేర్పాలి: వాష్‌బేసిన్ దగ్గర జారని చిన్న పీట, మంచానికి ఒక మెట్టు, కుర్చీలోకి తానే ఎక్కడం. ముద్దు చేయడానికి ఎత్తుకోవడం ఆపేసి, మీరు కూర్చున్నాక ఒడిలోకి ఎక్కించుకోవడం అలవాటు చేయండి. "ఎత్తుకో" అన్న ప్రతిసారీ "రా, ఒళ్లో కూర్చో" అంటే రెండు నెలల్లో అలవాటైపోతుంది. కాన్పయ్యాక హఠాత్తుగా "అమ్మ ఎత్తుకోకూడదు" అంటే మాత్రం నేరం చంటిబిడ్డ మీద పడుతుంది.

సామాను: ఏది మళ్లీ వాడాలి, ఏది వాడకూడదు

బట్టలు, దుప్పట్లు, స్నానపు టబ్బు ఉతికి, కడిగి వాడుకోవచ్చు. పరుపు అరచేత్తో నొక్కి చూడండి, గుంట పడి అలాగే ఉండిపోతే మార్చాలి. మంచం కమ్మీల మధ్య ఖాళీ 6 సెంటీమీటర్లకి మించకూడదు, పరుపుకి అంచుకి మధ్య రెండు వేళ్లు దూరకూడదు. పాలసీసా నిపుల్స్ కొత్తవి కొనండి, పాత రబ్బరు చిట్లి ముక్కలుగా ఊడుతుంది. పాలు పిండే పంపు ఉంటే దాని వాల్వులు, ట్యూబులు మార్చండి. పంపు బాగానే తిరుగుతున్నా పాలు రావడం లేదంటే చాలాసార్లు తప్పు సాగిపోయిన వాల్వుది. కారు సీటు ప్రమాదంలో ఉన్నదైతే, లేదా దాని మీద ముద్రించిన గడువు దాటితే పనికిరాదు.

పుట్టిన బిడ్డ సైజు బట్టలు ఆరేడు జతలు చాలు. బట్ట న్యాప్‌కిన్లు వాడితే, రోజూ ఉతుకుతారనుకుంటే, 20 నుంచి 24. డైపర్లైతే రోజుకి పది పన్నెండు లెక్క. చిన్న సైజు పెట్టెల కొద్దీ కొనకండి, కొందరు పిల్లలకి మూడు వారాలకే బిగుతైపోతాయి.

రెండో బిడ్డకి అదనంగా కావాల్సినవి మూడు. ఒళ్లో చుట్టి కట్టుకునే మెత్తటి క్యారియర్ ఒకటి. అది ఉంటే అమ్మకి కనీసం ఒక చెయ్యి మిగులుతుంది. బిడ్డ ముఖం మీకు కనబడుతూ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకుండా వేలు దూరేంత ఖాళీ ఉండాలి, ముక్కు బట్టలో కూరుకుపోకూడదు. రెండు, గేటు లేదా తలుపు గడియ: మీరు బాత్రూముకి వెళ్లిన రెండు నిమిషాలు పెద్దబిడ్డ చంటిబిడ్డ దగ్గరికి పోకుండా. మూడు, డైపర్, తుడిచే గుడ్డ, ఒక జత బట్టలు పెట్టిన బుట్టలు రెండు, ఇంట్లో మీరు ఎక్కువగా ఉండే రెండు చోట్లా. పెద్దదాన్ని ఒంటరిగా వదిలి పక్క గదికి పోవాల్సిన పని అలా తప్పుతుంది.

పెద్దబిడ్డ బొమ్మలన్నీ ఒకసారి నేల మీద పోసి ఏరండి. టాయిలెట్ పేపర్ చుట్టలోని అట్ట గొట్టంలోంచి జారిపోయే వస్తువు ఏదైనా చంటిబిడ్డ గొంతుకి అడ్డం పడగలదు. గుండీ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఉన్నవి అసలు ఇంట్లోనే వద్దు. గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు.

టీకాలు

గర్భం 27 నుంచి 36 వారాల మధ్య తల్లి వేయించుకునే కోరింత దగ్గు టీకా వల్ల యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకి చేరతాయి. మొదటిసారి వేయించుకున్నా ప్రతి గర్భానికీ మళ్లీ అవసరమే. పెద్దబిడ్డ టీకాల కార్డు తీసి బాకీ ఉన్నవన్నీ కాన్పుకి ముందే వేయించండి. ఇంట్లోకి క్రిములు తెచ్చేది ఎక్కువగా బడికి వెళ్లే పిల్లే.

కాన్పు రోజు పథకం

రెండో కాన్పు త్వరగా అవుతుంది. గట్టి నొప్పులు కుదురుకున్నాక మొదటి కాన్పుకి సగటున 8 గంటలు పడితే, తర్వాతి కాన్పులకి సుమారు 5 గంటలు. కొందరికి ఇంకా తక్కువ. మొదటిసారి ఇంట్లో ఎంతసేపు ఆగారో అంతసేపు ఈసారీ ఆగుదామనుకుంటే దారిలోనే కాన్పు కావచ్చు. నొప్పులు ఎంత వ్యవధికి వస్తే బయలుదేరాలో మీ ఆసుపత్రి దూరాన్ని బట్టి డాక్టరుని ముందే అడిగి రాసుకోండి.

పెద్దబిడ్డని చూసుకోవడానికి ముగ్గురి పేర్లు రాయండి: మొదటి మనిషి, ఆ మనిషి అందకపోతే రెండో మనిషి, అర్ధరాత్రి పదిహేను నిమిషాల్లో రాగల పక్కింటి మనిషి. మూడో పేరు లేకపోవడమే చాలా ఇళ్లలో లోటు. ఈ ముగ్గురితోనూ పెద్దబిడ్డ 36వ వారంలోపు కనీసం ఒక రాత్రి, కుదరకపోతే ఒక పూర్తి మధ్యాహ్నం గడిపి ఉండాలి. ఒక కాగితం మీద ఇవి రాసి తలుపు వెనక అంటించండి: ఎప్పుడు తింటుంది, ఏది పట్టుకుని పడుకుంటుంది, పాస్‌కి ఏ మాట అంటుంది, మందులేమైనా ఉన్నాయా, ఏది పడదు. "పాస్‌కి ఏ మాట అంటుంది" అన్నది నవ్వులాటగా తీసుకోకండి, కొత్త మనిషికి అది తెలియక తడిసిన బట్టలు ఎన్నో.

వెళ్లేటప్పుడు పిల్ల నిద్రపోతున్నా లేపి చెప్పి వెళ్లండి, లేదా ఈ సంగతి ముందురోజుల్లో పదిసార్లు చెప్పి ఉండండి: "ఒకరోజు నువ్వు లేచేసరికి నేను ఆసుపత్రిలో ఉంటాను. అమ్మమ్మ ఉంటుంది." చెప్పకుండా మాయమైతే, తిరిగొచ్చాక వారాల తరబడి పిల్ల కొంగు వదలదు.

మొదటిసారి చూపించేటప్పుడు

పెద్దబిడ్డ గదిలోకి వచ్చేసరికి అమ్మ చేతులు ఖాళీగా ఉండాలి. చంటిబిడ్డ తొట్టిలోనో, వేరేవాళ్ల దగ్గరో ఉండాలి. ముందు పెద్దదాన్ని దగ్గరికి తీసుకుని నాలుగు మాటలు మాట్లాడండి, అది అడిగినప్పుడే చంటిదాన్ని చూపించండి. కొందరు పిల్లలు ఒక్క క్షణం చూసి ఆసుపత్రి మంచం మీటలతో ఆడుకోవడానికి పోతారు. అలా పోనివ్వండి, "ముద్దు పెట్టు, ముద్దు పెట్టు" అని బలవంతం వద్దు. చంటిబిడ్డ పాదాలు తాకమని చెప్పండి. చేతులు, మూతి కంటే అది క్షేమం.

ఎత్తుకుంటానంటే: వెనక్కి ఆనుకుని కూర్చునే వెడల్పాటి సోఫా, మోచేతి కింద దిండు, పెద్దవాళ్ల చెయ్యి చంటిబిడ్డ మెడ కింద. ఒక నిమిషం చాలు. చాలంది అంటే వెంటనే తీసుకోండి, పిల్లలు విసుగొస్తే చేతులు వదిలేస్తారు.

చూడ్డానికి వచ్చేవాళ్లకి గుమ్మంలోనే ఒక మాట చెప్పండి: ముందు పెద్దబిడ్డని పలకరించి, తర్వాత అదే తీసుకెళ్లి చంటిదాన్ని చూపించేలా. జలుబు, దగ్గు, పెదవి మీద పొక్కులు ఉన్నవాళ్లు తర్వాత రావాలి. పెదవి పొక్కుల వైరస్ పుట్టిన బిడ్డకి ప్రాణం మీదికి తెస్తుంది.

మొదటి రెండు వారాల లెక్కలు

ఇద్దరు పిల్లల హడావిడిలో చంటిబిడ్డ ఎన్నిసార్లు తాగింది, ఎన్నిసార్లు తడిపింది అన్నది గుర్తుండదు. మొదటి పది రోజులు కాగితం మీద గీతలు పెట్టండి. తడిపిన బట్టలు మొదటి రోజు కనీసం ఒకటి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, ఐదారు రోజుల నుంచి రోజుకి ఆరు లేదా అంతకంటే ఎక్కువ. విరేచనం మొదట నల్లగా జిగటగా, మూడో రోజుకి ఆకుపచ్చగా, ఐదో రోజుకి పసుపుపచ్చగా మారాలి. ఐదో రోజుకి ఇంకా నల్లగానే ఉందంటే పాలు సరిపోవడం లేదన్న అనుమానం పెట్టుకోవాలి. తెల్లగా, సుద్ద రంగులో వస్తే అదే రోజు డాక్టరుకి చూపించాలి. బరువు మొదటి రోజుల్లో 7 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది, 10 నుంచి 14 రోజుల్లో పుట్టిన బరువుకి తిరిగి రావాలి.

కామెర్లు 24 గంటల్లోపే కనబడితే ప్రమాదం. మామూలువి మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఎక్కువవుతాయి. నుదుటి మీద, ఛాతీ మీద వేలితో నొక్కి వదిలితే చర్మం పసుపుగా కనబడుతుంది. చర్మం రంగు ముదురైతే కళ్లలో తెలుపు, చిగుళ్లు చూడండి. పసుపు కాళ్లదాకా దిగినా, బిడ్డ మగతగా పాలు తాగకపోయినా పరీక్ష తప్పదు. ఎండలో పెట్టడం దానికి బదులు కాదు.

మూడు నెలల్లోపు బిడ్డకి ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్‌కి చేరితే ఇంట్లో మందు వేయకుండా నేరుగా ఆసుపత్రికి. ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగడం మానేసినా అంతే. పెద్దబిడ్డ జలుబు తెచ్చిన వారంలో ఇవి మరింత గుర్తుంచుకోవాలి.

బొడ్డు పొడిగా, గాలి తగిలేలా వదిలేయండి, దాని మీద ఏమీ రాయకండి. ఒకటి నుంచి మూడు వారాల్లో అదే ఊడిపోతుంది. చుట్టూ ఎర్రబడి వాచినా, చీము వాసన వచ్చినా చూపించాలి. తేనె ఏడాది నిండేదాకా నాలుకకి కూడా తగలకూడదు.

పాలిచ్చే ఐదు గంటలు

పాలిచ్చే చోటు ఒకటి ఖాయం చేసి దాని చుట్టూ పెద్దబిడ్డకి కావాల్సినవన్నీ అమర్చండి. మూత బిగిసే సీసాలో నీళ్లు, పొడిగా తినే చిరుతిండి, మూడు బొమ్మల పుస్తకాలు, పాలిచ్చేటప్పుడు మాత్రమే బయటికి తీసే ఒక పెట్టె. ఆ పెట్టెలో మామూలు వస్తువులే పెట్టండి, కాకపోతే మిగతా సమయంలో కనబడకూడదు. వారానికోసారి లోపలివి మార్చండి. రోజంతా అందుబాటులో ఉంటే మూడో రోజుకి దాని మాయ పోతుంది.

వరస ఇలా ఉంటే నయం: చంటిబిడ్డ పెదవులు చప్పరించడం, చెయ్యి నోట్లో పెట్టుకోవడం మొదలెట్టగానే, ఏడుపు దాకా ఆగకుండా, పెద్దబిడ్డని పాస్‌కి తీసుకెళ్లండి. నీళ్లు ఇవ్వండి. పెట్టె తీయండి. అప్పుడు కూర్చోండి. ఈ మూడు నిమిషాలు ముందు పెట్టుకుంటే మధ్యలో లేవాల్సిన సందర్భాలు చాలా తగ్గుతాయి. పక్కకి తిరిగి పడుకుని పాలిస్తే మధ్యలో పెద్దదాని చెయ్యి కూడా పట్టుకోవచ్చు. మీకు నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం సోఫాలో పాలివ్వకండి, బిడ్డ చీలికలోకి జారితే ఊపిరాడదు.

ఇద్దరికీ పాలిస్తుంటే మొదటి రోజుల్లో ముర్రుపాలు చంటిబిడ్డకే ముందు దక్కాలి. పెద్దదాని వంతు తర్వాతే. మూడు నాలుగు వారాలకి పాలు కుదుటపడ్డాక ఒక పూట పిండి పెట్టుకుంటే ఆ పూట ఇంకొకరు పట్టగలరు. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలుస్తాయి. పొడిపాలు కలిపితే రెండు గంటల్లోపు, బిడ్డ నోరు పెట్టాక ఒక గంటలోపు వాడేసి మిగిలింది పారేయాలి.

పెద్దబిడ్డ మళ్లీ చిన్నదైపోతే

పక్క తడుపుతుంది, సీసా అడుగుతుంది, ముద్దుమాటలు మొదలెడుతుంది, రాత్రి లేచి ఏడుస్తుంది. చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. సీసా అడిగితే నవ్వకుండా, తిట్టకుండా ఇచ్చేయండి, నాలుగు గుక్కలు తాగి వదిలేస్తుంది. "నువ్వు పెద్దదానివి కదా" అన్న మాటకి మాత్రం ఇంట్లో తాళం వేయండి. నిన్నటిదాకా ఇంట్లో చిన్నది అదే కదా.

అన్నిటికంటే నష్టం చేసేది, ప్రతి 'వద్దు'నీ చంటిబిడ్డ పేరు మీద వేయడం. "చెల్లి పడుకుంది, అరవకు", "చెల్లికి పాలివ్వాలి, ఆగు" అని రోజుకి ఇరవైసార్లు వింటే ఎవరికైనా చెల్లి మీద కోపమే వస్తుంది. "నా చేతులు ఖాళీ లేవు, పది అంకెలు లెక్కపెట్టు, వస్తాను" అనండి. అన్నాక పదికి వచ్చి తీరాలి. అప్పుడప్పుడూ తిప్పి కూడా వాడండి, పెద్దదానికి వినబడేలా చంటిదానితో: "కొంచెం ఆగమ్మా, అక్కకి జడ వేస్తున్నాను." చంటిదానికి అర్థం కాదు. అక్కకి అర్థమవుతుంది.

రోజుకి 10 నుంచి 15 నిమిషాలు, పెద్దబిడ్డతో మాత్రమే, ఫోను పక్కన పెట్టి, ఆట అది చెప్పినట్టు ఆడాలి. ఒకే వేళకి జరగాలి. ఆదివారం మూడు గంటలు దీనికి సమానం కాదు.

కొడితే: చెయ్యి గాలిలోనే ఆపండి, "కొట్టనివ్వను" అని తక్కువ గొంతుతో ఒక్కసారి చెప్పండి, మధ్యలో కూర్చోండి. మీరు గట్టిగా అరిస్తే, "కొడితే అమ్మ పరిగెత్తుకొస్తుంది" అన్న పాఠం మిగులుతుంది. శాంతించాక మెత్తగా తాకడం ఎలాగో దాని చెయ్యి పట్టుకుని చూపించండి. మూడు నాలుగేళ్లలోపు పిల్లని చంటిబిడ్డతో ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. ముద్దుగా కౌగిలించుకున్నా బరువు పడుతుంది, ప్రేమతో నోట్లో బిస్కట్ పెడుతుంది.

రాత్రులు

చంటిబిడ్డ వెల్లకిలా, గట్టి చదునైన పరుపు మీద, దిండు, మెత్తటి బొమ్మలు, వదులు దుప్పటి లేకుండా, మొదటి ఆరు నెలలు మీ గదిలోనే, తన సొంత పడకలో పడుకోవాలి. పెద్దబిడ్డతో ఒకే పక్క మీద మాత్రం ఎప్పుడూ వద్దు. ఇద్దరు పెద్దవాళ్లుంటే రాత్రికి ఒక్కొక్కరు ఒక్కో బిడ్డ బాధ్యత తీసుకోండి. ఎవరు లేవాలన్న తర్జనభర్జన అర్ధరాత్రి మూడింటికి జరగకూడదు. ఏడుపు రెండో వారం నుంచి పెరిగి ఆరో వారం దగ్గర పతాకస్థాయికి చేరి తర్వాత తగ్గుతుంది, ముఖ్యంగా సాయంకాలాలు. పెద్దబిడ్డ అన్నం వేళ కూడా అదే కాబట్టి ఆ ఆరు వారాలు సాయంత్రం పనికి మూడో మనిషి సాయం అడగండి.

అమ్మ ఒళ్లు

పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో వచ్చే నొప్పి రెండో కాన్పు తర్వాత మొదటిసారికంటే గట్టిగా ఉంటుంది. గర్భసంచి ముడుచుకోవడం అది, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. గంటకో ప్యాడ్ నిండిపోతున్నా, కోడిగుడ్డంత రక్తపు గడ్డలు పడుతున్నా, 38 డిగ్రీల జ్వరం వచ్చినా, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా ఆలస్యం చేయకూడదు. వీటిలో తలనొప్పిని "నిద్ర లేక" అని సర్దిచెప్పుకునే ప్రమాదం ఉంది. ఏడుపు, చిరాకు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, పిల్లల మీదా తన మీదా భయంకరమైన ఆలోచనలు వస్తుంటే అది చికిత్స ఉన్న జబ్బు. ఇంట్లోవాళ్లే ముందు గమనించి తీసుకెళ్లాలి.

పాలు పట్టకపోతే కాన్పయిన మూడు వారాల నుంచే మళ్లీ గర్భం రావచ్చు. పాలివ్వడమే రక్షణ అన్నది మూడూ కలిసినప్పుడే: బిడ్డకి ఆరు నెలలు నిండలేదు, పగలూ రాత్రీ తల్లిపాలే పడుతున్నారు, నెలసరి తిరిగి రాలేదు. ఒక్కటి తప్పినా లెక్క పోయినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారం ఒక కాన్పుకి, తర్వాతి గర్భానికి మధ్య కనీసం 24 నెలలు ఉండాలి.

చంటిదాని ఎనిమిదో నెలలో రెండో అంకం

మొదటి నెలల్లో పెద్దబిడ్డ బాగానే సర్దుకుందని ఊపిరి పీల్చుకున్న ఇళ్లలో కూడా చంటిది పాకడం మొదలెట్టగానే గొడవ లేస్తుంది. అప్పటిదాకా కదలకుండా పడి ఉన్న జీవం ఇప్పుడు వచ్చి కట్టిన ఇటుకల మేడ కూల్చేస్తుంది. పెద్దబిడ్డకి చంటిదాని చెయ్యి అందని ఎత్తులో ఒక బల్లో, గేటుకి అవతల ఒక మూలో కేటాయించండి. అక్కడ పెట్టినవి పంచుకోనక్కర్లేదు. నేల మీద ఉన్నవి మాత్రం ఇద్దరివీ. "చెల్లి లాక్కుంటే ఇంకో బొమ్మ చేతిలో పెట్టి నీది తీసుకో" అని నేర్పండి, ఏడాదిలోపు పిల్లలు మార్పిడికి వెంటనే ఒప్పుకుంటారు. చిన్న ముక్కల ఆటవస్తువులు చంటిది పడుకున్నాకే తీయాలి. ఆట అయ్యాక నేల మీద ఒక్క ముక్క కూడా మిగలకుండా చూడాల్సిన పని పెద్దవాళ్లది, పెద్దబిడ్డది కాదు.